మాచిపత్రి అనుకున్న ఆకు

బేరం చేసేవాడికి అసలు పెట్టుబడి ముఖమేనని మా బాపు అనేవాడు. పెద్దపల్లిలో మాది ఎండు మూలికల అంగడి. కరక్కాయలు, పిప్పళ్లు, నేలవేము, తిప్పతీగె, వస కొమ్ములు, ఇలాంటివన్నీ చుట్టుపక్కల వైద్యులూ హకీములూ మా దగ్గరే కొనేవారు. ఆదిలాబాదు అడవుల వైపు నుంచి మూటలు దిగేవి. మూట విప్పగానే గుప్పెడు తీసి, అరచేతుల మధ్య నలిపి, వాసన చూసి, చిటికెడు నాలుక మీద వేసుకుని ఉమ్మాలి. అదే మా పరీక్ష. ఆ కాసేపూ అమ్మేవాడి కళ్లు మన ముఖం మీదే ఉంటాయి. సరుకు ఎంత బాగుంటే ముఖం అంత చెడ్డగా పెట్టాలి.

ఈ విద్యలో నేను బాపును మించిపోయాను. మేలైన పిప్పలి నాలుక మీద పెట్టుకుని, ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చోగలిగేవాణ్ణి. మా పాత ఖాతాదారు హకీం సాబు ఆ ముఖం చూసినప్పుడల్లా, "చోటే సేట్, నీ సూరత్ జూస్తే నాకే బుఖార్ వస్తది. జర నవ్వు" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. నవ్వితే ధర పెరుగుతుంది.

అంత పనికొచ్చే ముఖం కొంతకాలం నా చేతిలో లేకుండా పోయింది. ఎవరూ లాక్కోలేదు. బెల్లం ఇచ్చి మరీ నేనే పోగొట్టుకున్నాను.

బియ్యానికి కటకటగా ఉండి, రేషన్ దుకాణంలో ఎర్ర గోధుమలు ఇస్తున్న రోజులవి. ఆ బస్తాలు మా స్టేషను గూడ్స్ షెడ్డులో దిగేవి. ఊడ్చిన చెత్తంతా షెడ్డు వెనక పోసేవారు. ఒక వానాకాలం, మా పార్సిలు విడిపించుకుందామని వెళ్లి, అక్కడ ఎన్నడూ చూడని మొక్క చూశాను. మోకాలెత్తు ఉంది. ఆకు చీలికలు చీలికలుగా, అచ్చం మాచిపత్రిలా ఉంది. చిన్న చిన్న తెల్ల పూలు, ఎవరో చేటలోంచి నూకలు ఒలకబోసినట్టు.

మాచిపత్రి అంటే చవితినాడు వినాయకుడికి పెట్టే పత్రిలో ముందు చెప్పుకునే ఆకు. మా వ్యాపారంలో దానికి వేరే గౌరవం. గజ్జికి, దురదకు, జ్వరానికి అది కావాలని అడిగేవారు. మా వైపు దొరికేది కాదు. ఎక్కడెక్కడి నుంచో ఎండిపోయి, వాసన పోయి, ధర మాత్రం పోకుండా వచ్చేది. అలాంటిది కాళ్ల దగ్గర పచ్చగా మొలిచి ఉంటే మాలాంటి వాడు ఆగుతాడా? తుంచాను, నలిపాను, వాసన చూశాను, నాలుక మీద వేసుకున్నాను. చేదు! దాని ముందు నేలవేము పాయసం. మా లెక్కలో చేదు ఎంత ఉంటే మందు అంత ఉన్నట్టు.

"ఏం జేస్తున్నవ్ సావుకారి? గడ్డి మేస్తున్నవా?"

అక్కడ కాపలా ఉండే వాచ్‌మన్ భార్య. షెడ్డు పక్కనే వాళ్ల గుడిసె. మేకలు కాచుకునేది. నేను ఉమ్మేసి, అలవాటు ప్రకారం ముఖం పాడుగా పెట్టి, "గీ చెత్త ఎవలది?" అని అడిగాను. అడగకూడదు. అడిగితే దానికో ధర ఉందని చెప్పినట్టే. ఆమె క్షణం ఆలోచించి, "నాదే. నా గుడిసె ఎన్క మొలిసింది" అంది.

"నీ మేకలే ముడుతలేవు గద!"

"మేకలు తినకుంటె ఏందయ్యా, నువ్వు తింటున్నవ్ గద!"

ఇంకొకడైతే నవ్వి, కోసుకుని వెళ్లేవాడు. నేను బేరానికి కూర్చున్నాను. ఆమె తగ్గలేదు. చివరికి, ఒక బెల్లం గడ్డ ఇస్తే ఎంత కావాలంటే అంత కోసుకోమని ఒప్పుకుంది. రాజ్యం గెలిచినట్టు ఇంటికి వచ్చాను. రైలు పట్టాల పక్క ఊరికే పెరిగే గడ్డికి వెల కట్టిన షావుకారి నాకు ముందు లేడు, తర్వాతా ఉండడు.

బాపు ఒక ఆకు నలిపి చాలాసేపు వాసన చూశాడు. "మాచిపత్రి లెక్కనే ఉన్నది" అన్నాడు. నా ముఖం వెలిగిందేమో, వెంటనే, "లెక్కనే ఉన్నది అంటున్న. అదే అంటలేను" అన్నాడు.

మా అంగడికి తాత పెట్టిన నియమం ఒకటి ఉండేది. ముందు ఇంట్ల, తర్వాత అంగట్ల. కొత్త ఆకు ఏది వచ్చినా ఇంట్లో మనిషి ఒకరు ఏడాది తిరిగేదాకా దాన్ని వాడాలి. ఆ తర్వాత ఆ మనిషే అంగట్లో ముందు కూర్చుని, వచ్చినవాళ్లందరూ వింటుండగా, అది మంచి చేసిందో చెడు చేసిందో తన నోటితో చెప్పాలి. అప్పటిదాకా దాన్ని అమ్మే సంచిలో పోయరాదు. బాపు ఒకసారి అలా ఏదో వేరు తిని, విరేచనాలు పట్టుకుని, ఆ సంగతి ఊరి పెద్దల ముందు చెప్పుకున్నాడట. మా అవ్వ, అంటే మా అమ్మ, ఆ కథను ప్రతి పెళ్లిలోనూ చెప్పేది.

"నేను వాడుత" అన్నాను.

మొదట్లో ఆకు నా పరువు నిలబెట్టింది. ఆ వానల్లో జ్వరం వస్తే కషాయం తాగాను. జ్వరం దిగింది. జ్వరాలు వాటంతట అవే దిగుతాయని మూలికలు అమ్మేవాడికి తెలియదా? తెలుసు. కాని ఆ సంగతి కొనేవాళ్లకు చెప్పకుండా తప్పించుకోవడం అలవాటైనవాణ్ణి, నాకు నేనూ చెప్పుకోలేదు. స్నానం నీళ్లలో వేసుకున్నాను. దిండులో ఎండుటాకు కూరుకున్నాను. ఏడాది నిండకముందే కనబడినవాడికల్లా చెప్పాను. హకీం సాబు ఓపిగ్గా విని, "ఒక్క బుఖార్ దిగితే దవా అయితదా బేటా? నా బుఖార్ చాయ్ తాగినా దిగుతది" అన్నాడు. ఆయన అసూయపడుతున్నాడని అనుకున్నాను.

మరుసటి వానలకు ఆకు మళ్లీ పూసింది. నేను మళ్లీ బెల్లం మోసుకెళ్లాను. ఈసారి రెప్పల మీద దురద మొదలైంది. తర్వాత మెడ, మోచేతుల మడతలు, చెవుల వెనక. ఎండలోకి వెళ్తే నిప్పుల మీద కూర్చున్నట్టు. చర్మం ఎర్రబడి, రసి కారి, మందమై, ముఖం ఏనుగు చర్మంలా అయింది. కళ్లు సగమే తెరుచుకునేవి.

దురదకు మందు ఏది? మాచిపత్రి. ఇంట్లో మూటలు మూటలుగా ఉంది. దాన్నే మరింత నూరి పట్టించాను, దాని నీళ్లే పోసుకున్నాను. నా పెళ్లి ఆ ఎండాకాలమే అయింది. చెన్నూరు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య ఆ నీళ్లు కాచి పెడుతూ ఒకరోజు మెల్లగా అంది.

"ఇగో, గీ ఆకు ఏసినంకనే ఎక్కువైతున్నట్టున్నది."

"ఎక్కువైతేనే తక్కువైతది. లోపటి రోగం బయటికొస్తున్నది."

"మరి ఎంత రోగం ఉన్నదో లోపట" అంది ఆమె, గిన్నె దించుతూ. పెళ్లయి ఇంకా నాలుగు నెలలు కూడా కాలేదు. ఆ ముఖం ఆమెకు రోజూ చూపించాలంటే సిగ్గుగా ఉండేది. గోడవైపు తిరిగి అన్నం తినేవాణ్ణి.

అంగట్లో మాట ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఒకాయన చిల్లర నా చేతిలో పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుని, బల్ల మీద పెట్టాడు. మరునాటి నుంచి అందరూ బల్ల మీదే పెట్టారు. తర్వాత కొందరు మా అంగడి దాటి వెళ్లడం మొదలుపెట్టారు. పెద్దరోగం అని ఎవరూ నా ఎదురుగా అనలేదు. "సావుకారి మంచిగున్నడా?" అని నన్ను చూస్తూనే బాపును అడిగేవారు.

చివరికి నేనే నా భార్య పాత చీర ఒకటి అడిగి తీసుకుని, అంగట్లో తెర కట్టించాను. ముందు బాపు కూర్చునేవాడు. తెర వెనక నేను. మూట వస్తే తెర కింది నుంచి గుప్పెడు లోపలికి వచ్చేది. నేను నలిపి, రుచి చూసి, లోపలి నుంచి "ఏం బాగలేదు" అనేవాణ్ణి. బయట అమ్మేవాడు నవ్వేవాడు. ముఖం కనబడని "బాగలేదు"కు ఎవడు భయపడతాడు? ఎంత చెబితే అంతకు కొన్నాం ఆ రోజుల్లో. తెర వెనక నేను ఎంత గొప్పగా ముఖం చిట్లించినా అది కరక్కాయల డబ్బాలకే కనిపించింది.

దసరాకు ముందు మా బావ వచ్చాడు. నా భార్యకు అన్న, మందమర్రి గనుల ఆఫీసులో గుమాస్తా. మనిషి సూటిగా మాట్లాడతాడు. నన్ను చూసి చెప్పులు విడవకుండానే కాసేపు నిలబడ్డాడు.

"బావా, దాపెట్టుకునుడెందుకు? చెన్నూర్ల అందరికి తెలిసింది. మా అవ్వ ఏడ్సి ఏడ్సి పండుకున్నది. నువ్వు నాతోటి రా, మా దవాఖాన్ల చూపిస్త. అది గా రోగం కాకుంటె సరే. అదే అయితే చెల్లెను తీస్కపోత. నువ్వు కోపం జెయ్యద్దు."

తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది. నేను ఎన్నో బేరాల్లో ఎన్నో మాటలు తిప్పినవాణ్ణి. ఆ ఒక్క మాటను మాత్రం తిప్పలేదు, వస్తానన్నాను. బావ స్థానంలో నేనున్నా నా చెల్లెల్ని తీసుకునే పోయేవాణ్ణి.

బయలుదేరేటప్పుడు నా భార్య సంచి సర్దింది. అందులో ఆకు మూట పెట్టిందా లేదా అని నేను తడిమి చూసుకున్నాను. ఆమె చూసి, సంచి మూతి ముడి వేసింది. రైల్లో ముఖానికి తువ్వాల చుట్టుకున్నాను. తువ్వాల జారినప్పుడు పక్కనున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లారు. బల్లంతా నాకే దక్కింది. ఏ బేరంలోనూ ఒక టికెట్‌కు అంత చోటు సంపాదించలేదు. బావ మాత్రం నా పక్కనే కూర్చున్నాడు, కాస్త జరిగి.

మందమర్రి డాక్టరు కోస్తా మనిషి. బొగ్గు మసి చేతులను రోజూ చూసేవాడు కాబట్టి నా ముఖం చూసి వెనక్కి తగ్గలేదు. దూదితో ఒకచోట, సూదితో ఒకచోట తాకుతూ, "తెలుస్తోందా?" అని అడిగాడు.

"తెలుస్తున్నదా ఏందయ్యా, మండుతున్నది!"

"మంచిదే. మండనివ్వండి. ఇది కుష్ఠు కాదు."

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆ వాచిన కళ్లలోంచి అవి రావడానికి కూడా దారి సరిగా లేదు.

"మరి దీనికి ఏం రాస్తున్నారు?" అని అడిగాడు డాక్టరు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు సంచి విప్పి, నా ఆకు మూట బల్ల మీద పెట్టాను. మాచిపత్రి అని, కొత్త రకమని, జ్వరానికి ఎలా పనిచేసిందో, చేదు ఎంత మేలైనదో చెప్పాను. అమ్మేవాడిలా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. ఒక ఆకు తడిపి, నా ముంజేతి లోపలివైపు, ఏ దద్దురూ లేని చోట పెట్టి, పైన పట్టీ వేశాడు. "తడవనివ్వకండి. ఎల్లుండి విప్పుదాం. అప్పటిదాకా ఈ మూట ముట్టుకోవద్దు" అన్నాడు.

బావ క్వార్టరులో వరండాలో పడుకున్నాను. ముఖం కాస్త చల్లబడింది. పట్టీ కింద మాత్రం కుంపటి.

పట్టీ విప్పినప్పుడు ముగ్గురమూ వంగి చూశాం. నా చేతి మీద ఆకు అచ్చు పడి ఉంది. చీలిక చీలికా, కాడతో సహా, ఎర్రగా, పొక్కులతో. పచ్చబొట్టు వేసేవాళ్లు కూడా అంత బాగా వెయ్యరు.

"మరి పోయినేడు ఏం జెయ్యలేదు గద సార్?"

"మొదట్లో ఒళ్లు ఊరుకుంటుంది. రోజూ తగిలితే, ఒకరోజు నుంచి ఇక ఊరుకోదు. మళ్లీ ఎప్పటికీ ఊరుకోదు."

"జర ఎండ తప్పు గూడ ఉన్నదేమో. సగం ఎండది, సగం ఆకుది..."

డాక్టరు నవ్వాడు. "నాతో బేరమాడి ఏం లాభమండీ? బేరం మీ చర్మంతో ఆడండి" అన్నాడు. తర్వాత ఆ మూటను కాగితంతో ఇవతలికి జరుపుతూ, "ఇందులో మందు లేదని నేననను. అంత చేదు ఉందంటే ఏదో గట్టి పదార్థమే ఉండి ఉంటుంది. జ్వరానికి పనికొస్తుందో ఏమో, ఎవరైనా దాన్ని విడదీసి చూడాలి. కానీ మిమ్మల్ని కాలుస్తున్నదీ ఆ చేదే అయివుంటుంది. దీన్ని ఉడకబెట్టి నెత్తిన పోసుకున్నారా?" అన్నాడు.

"పోసుకున్న."

"దిండులో?"

బావ వైపు చూడలేక, తల ఊపాను.

ఇన్నేళ్లకు ఆ చేదుకు పార్థెనిన్ అని పేరుందని చదివాను. చర్మం మీదికి దద్దుర్లు తెచ్చేదీ అదేనట, మందు గుణం ఉందేమోనని చదువుకున్నవాళ్లు పరీక్షిస్తున్నదీ అదేనట. అది చదివినప్పుడు నాలుక మీద పాత రుచి వచ్చింది. నా నాలుక పూర్తిగా తప్పలేదన్నమాట, అని ఒక్క క్షణం మురిసిపోయాను. మళ్లీ ముంజెయ్యి తడుముకున్నాను. సిగ్గేసింది. ముసలితనంలో కూడా ఆ ఆకుతో బేరం ఆపలేదు నేను.

దవాఖానా మెట్ల మీద బావ కూలబడి నవ్వాడు. గనుల మనుషులు ఆగి చూసేంత నవ్వాడు. "బావా, పెద్దరోగం అని మేం ఏడిస్తిమి. నువ్వు గడ్డి పెట్టుకోని గోక్కుంటున్నవా? గీ మాట చెన్నూర్ల ఎట్ల చెప్పాలె?" పెద్దరోగం కాదని తెలిసిన సంతోషం ఎంత ఉండాలో అంత ఉంది. కాని అదేననుకున్నప్పుడు కనీసం జాలిపడేవారు. ఇప్పుడు ఆ జాలి కూడా పోయింది. భార్యను నా దగ్గరే ఉంచుకోవడానికి, నేను ఎంత మూర్ఖుడినో ఊరంతటికీ నేనే చెప్పుకోవలసి వచ్చింది.

అదీ తప్పించుకుందామనే చూశాను. ఇంటికి వచ్చి బాపుతో, డాక్టరు ఎండదెబ్బ అన్నాడని చెప్పాను. బాపు నా ముంజేతి వైపు చూశాడు. ఆకు అచ్చు ఇంకా మానలేదు.

"ఏడాది దాటింది" అన్నాడు. "ముంగట కూసో."

నా భార్య అంగట్లోకి వచ్చి తెర ముడులు విప్పడం మొదలుపెట్టింది. "నా చీర నాకు గావాలె" అంది, నా వైపు చూడకుండా. "మా అన్న అంతా చెప్పిండు. నేను ఇంటికి పోతలేను. గని తెర ఎనక కూసునే మొగనితోటి ఉండ."

ముందు కూర్చున్నాను. పొట్టు రాలుతున్న ముఖంతో, వెలుతురులో. హకీం సాబు వచ్చి ఉన్నాడు, ఇంకో ఇద్దరు ముగ్గురు కొనడానికి వచ్చినవాళ్లు ఉన్నారు. నోరు తెరిచేలోగా గుమ్మం ముందు ధబ్బుమని ఓ మోపు పడింది. వాచ్‌మన్ భార్య. నెత్తి మీద నుంచి పచ్చగా, పూలతో, నా ఆకు.

"మల్ల రాకపోతివి సావుకారి. నేనే తెచ్చిన. గీసారి రెండు బెల్లం గడ్డలు."

"ఒద్దమ్మా" అన్నాను. "అది మాచిపత్రి కాదు. పాడు ఆకు. నాకు గీ గతి దాంతోటే వచ్చింది."

ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను కిందికీ మీదికీ చూసింది. "ముఖం గట్ల పెడితె తగ్గిస్త అనుకున్నవా? పోయినేడు గూడ చెత్త అన్నవ్. రెండు గడ్డలు."

అంగట్లో అందరూ నవ్వారు. హకీం సాబు కూడా. నేను చెప్పాను, మళ్లీ చెప్పాను. కషాయం సంగతి, స్నానం సంగతి, దిండు సంగతి, అందరికీ వినబడేలా. చెప్పేకొద్దీ ఆమె నమ్మలేదు. మేలైన సరుకును చెడ్డదని చెప్పి బతికిన ముఖం అది. చెడ్డదాన్ని చెడ్డదంటే ఎవరు వింటారు? చివరికి చొక్కా చెయ్యి పైకి లాగి ముంజెయ్యి చూపించాను. ఆమె దగ్గరికి వచ్చి, ఆ అచ్చు చూసి, మోపులోంచి ఒక ఆకు తుంచి దాని పక్కన పెట్టి పోల్చింది. ఆకు చర్మానికి తగలకముందే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. అప్పుడు ఆమె నవ్వు ఆగింది.

"నిజమేనా ఏంది" అంది. మోపును కాలితో తోసి, "ఇగ ఏడ పారెయ్యాలె గిది?" అంది.

బాపు ఆమెకు ఒక బెల్లం గడ్డ ఇచ్చి, మోపును దూరంగా తీసుకెళ్లి కాలబెట్టమన్నాడు. ఆ పొగ కూడా నాకు పడలేదని రెప్పలు ఆ పూటే చెప్పాయి.

హకీం సాబు వెళ్తూ వెళ్తూ నా ముందు ఆగాడు. చిల్లర బల్ల మీద పెట్టబోయి, నా అరచేతిలో పెట్టాడు. "చోటే సేట్, ఇయ్యాల నీ సూరత్ జర మంచిగున్నది" అన్నాడు. తల ఎత్తి ఆయన వైపు చూడలేకపోయాను.

ఆ తర్వాతి వానలకు మా ఇంటి పెరట్లో, నేను మూటలు దులిపిన చోటల్లా, అది మొలిచింది. ఈసారి బెల్లం ఎవరికీ ఇవ్వలేదు. నా భార్య తెర చీరను చేతులకూ ముఖానికీ చుట్టుకుని, పూత రాకముందే ఒక్కొక్క మొక్కా పీకేది. నన్ను ఆ దగ్గరికి రానిచ్చేది కాదు. తలుపు ఓరగా తీసి, వెనక నిలబడి చూసేవాణ్ణి.

"మీ పంట మంచిగ పండింది" అనేది, వెనక్కి తిరగకుండా.